ఎగ్జిమా ఉన్న పసివాడికి ఏయే ఆహారాలు మాన్పించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. బాబుకు 10 నెలలు. మూడో నెల నుంచి బుగ్గల మీద, ముంజేతుల మీద, పిక్కల మీద చర్మం ఎర్రగా గరుకుదేలి, గోకితే రసి కారే ఎగ్జిమా ఉంది. ఆరో నెలలో పరమాన్నంతో అన్నప్రాసన చేశారు. ఆ తరువాత రెండు నెలలు పెరుగన్నం, పప్పన్నం, గోధుమరవ్వ ఉప్మా ఏ ఇబ్బందీ లేకుండా తిన్నాడు. గుడ్డు, వేరుశనగ మాత్రం ఇంతవరకు పెట్టలేదు. ఎనిమిదో నెలలో చేయించిన అలర్జీ రక్తపరీక్షలో పాలు, గుడ్డు, గోధుమ, వేరుశనగ, కందిపప్పు, వంకాయ, అన్నింటి ఎదుటా 'పాజిటివ్' అని వచ్చింది. దానితో అవన్నీ బాబుకూ, పాలిచ్చే మీకూ మాన్పించారు. రెండు నెలలు గడిచినా చర్మం అలాగే ఉంది, బరువు 7.4 కిలోల దగ్గర ఆగిపోయింది. గుడ్డు పడదన్నారు గనుక తొమ్మిదో నెల టీకా కూడా వాయిదా వేశారు. ఇంకా ఏవి మాన్పిస్తే తగ్గుతుందని అడుగుతున్నారు.

ఇంకేమీ మాన్పించవద్దు. మాన్పించిన వాటిలో చాలావరకు తిరిగి పెట్టాలి. అయితే అన్నీ ఒకే రోజున, అన్నీ ఇంట్లోనే కాదు. అన్నిటికన్నా ముందు చర్మానికి పూర్తి వైద్యం జరగాలి. పదిహేడేళ్లుగా పిల్లల వైద్యుడిగా పనిచేస్తూ, అందులోనూ ఎక్కువగా అలర్జీ ఉన్న పిల్లలనే చూస్తున్న అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. మీ బాబును నేను చూడలేదు కనుక, దీన్ని మీ వైద్యునితో మాట్లాడటానికి ఆధారంగా తీసుకోండి.

మన భాషలో 'పడదు' అనే ఒక్క మాటతో నాలుగైదు వేర్వేరు సంగతులు చెప్పేస్తాం. వంకాయ తింటే నోరు దురద పెట్టినా పడదంటాం, పాలు తాగితే కడుపు ఉబ్బినా పడదంటాం, మామిడిపండు 'వేడి చేసి' సెగ్గడ్డలు వచ్చినా పడదంటాం, రొయ్య తిన్న పది నిమిషాలకు పెదవులు వాచి ఆయాసం వచ్చినా పడదనే అంటాం. వీటిలో అసలైన అలర్జీ అని గట్టిగా చెప్పదగినది చివరిదే, ప్రాణం మీదకు రాగలిగినదీ అదే. శరీరం ఒక ఆహారపు ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపెట్టుకుని, దానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. ఆ ఆహారం మళ్లీ లోపలికి వెళ్లినప్పుడు కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ఒంటి నిండా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, పిల్లికూతలు, కొన్నిసార్లు ఒళ్లు వాలిపోవడం కనిపిస్తాయి. టొమాటో పప్పు తిన్నాక పసివాడి మూతి చుట్టూ వచ్చే ఎరుపు చాలాసార్లు పులుపు వల్ల కలిగే మంట మాత్రమే. తినిపించే ముందు మూతి చుట్టూ కాస్త వాసెలిన్ రాస్తే అది రాదు.

ఇక రక్తపరీక్ష సంగతి. ఆ పరీక్ష ఐజీఈ ఉందో లేదో చెబుతుంది తప్ప, తింటే ఏమవుతుందో చెప్పదు. ఈ తేడా ఎంత పెద్దదో మన పొరుగు రాష్ట్రంలోనే లెక్క తేలింది. బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ ఉన్నవారు నూటికి 26 మందికి పైగా తేలగా, నిజంగా ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 1.2 శాతమే. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో మొత్తం ఐజీఈ మామూలుగానే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ముప్పై నలభై ఆహారాల పట్టీని ఒకేసారి పరీక్షిస్తే సగం పేర్ల ఎదుట ఏదో ఒక గీత పడుతుంది. బాబు ఏ ఆహారాన్ని హాయిగా తింటున్నాడో ఆ ఆహారానికి పరీక్ష చేయించకూడదు. చేయించినా, ఆ కాగితం కంటే బాబు తిన్న అన్నమే నమ్మదగిన సాక్ష్యం. మీ వాడు పెరుగు, పప్పు, గోధుమ రెండు నెలలు తిన్నాడు, ఏమీ కాలేదు. అసలు పరీక్ష అక్కడే జరిగిపోయింది. ఐజీజీ అనే వేరే ప్రతిరక్షకం పేరుతో అమ్మే మరో రకం 'ఫుడ్ ఇన్‌టాలరెన్స్' పరీక్షలున్నాయి. ఆ ఆహారం తిన్నారని తప్ప అవి ఇంకేమీ చెప్పవు, వాటి మీద డబ్బు పెట్టవద్దు.

నేను కూడా ఈ తప్పు చేశాను. వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో ఇలాంటి రిపోర్టులు పట్టుకుని ఎర్ర పెన్నుతో పేర్లు కొట్టేసి తల్లుల చేతికిచ్చేవాణ్ని. అప్పట్లో వైద్యలోకపు ఆలోచన కూడా అలాగే ఉండేది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల వరకు, వేరుశనగ మూడేళ్ల వరకు పెట్టవద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2000లో సలహా ఇచ్చింది. దానివల్ల మేలు జరిగిన దాఖలా లేదని 2008లో ఆ సలహాను వెనక్కు తీసుకుంది. అదే సంవత్సరం లండన్‌లోని గిడియన్ లాక్ అనే అలర్జీ వైద్యుని బృందం ఒక విచిత్రాన్ని లెక్కగట్టింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ అలర్జీ, ఇజ్రాయెల్‌లోని యూదు పిల్లల్లో కంటే పది రెట్లు ఎక్కువగా ఉంది. వంశం ఒకటే, తేడా తిండిలో ఉంది. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు వేరుశనగతో చేసిన మెత్తని చిరుతిండిని మొదటి ఏడాదిలోనే తింటారు, బ్రిటన్‌లో తినరు.

తొందరగా తినడమే అలర్జీ రాకుండా కాపాడుతోందన్న ఊహను లాక్ బృందం నేరుగా పరీక్షించింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలను 640 మందిని తీసుకుని, సగం మందికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టించి, మిగతా వారికి పూర్తిగా మాన్పించారు. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం అయిదేళ్లు నిండేసరికి మాన్పించిన వారిలో 17.2 శాతం మందికి వేరుశనగ అలర్జీ వచ్చింది, తిన్నవారిలో 3.2 శాతానికే వచ్చింది. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పసివాళ్లకు చర్మాన్ని మందులతో బాగా అదుపులో ఉంచుతూ, ఆరో నెల నుంచి ఉడికించిన గుడ్డు పొడిని చిటికెడు చొప్పున పెట్టారు. 2017లో ప్రచురించిన ఆ అధ్యయనంలో ఏడాది వయసుకు గుడ్డు అలర్జీ తిన్నవారిలో 8 శాతం, తిననివారిలో 38 శాతం.

దీనికి కారణం తెలిస్తే మీ ఇంట్లో ఏం మార్చాలో కూడా తెలుస్తుంది. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో చాలామందికి చర్మపు పైపొర పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. ఆ పొరను గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ జన్యువులోని లోపాలే కొందరిలో ఇందుకు కారణమని 2006లో గుర్తించారు. పొర పగిలిన చోట ఇంటి దుమ్ములో, తినిపించేవారి చేతుల మీద ఉండే గుడ్డు, పాలు, వేరుశనగల సూక్ష్మమైన రేణువులు లోపలికి పోతాయి. పొట్ట ద్వారా వచ్చిన ప్రోటీన్‌ను శరీరం ఆహారంగా అంగీకరించడం నేర్చుకుంటుంది, పగిలిన చర్మం ద్వారా వచ్చిన దాన్ని దాడిగా గుర్తుపెట్టుకుంటుంది. జపాన్‌లోనే గోధుమ ప్రోటీన్ కలిసిన ఒక సబ్బుతో ముఖం కడుక్కున్న వారిలో రెండువేల మందికి పైగా, అంతకుముందు హాయిగా తింటున్న గోధుమే పడకుండా పోయింది. అంటే చాలామంది అనుకున్నట్టు ఆహార అలర్జీ వల్ల ఎగ్జిమా రావడం కంటే, ఎగ్జిమా వల్ల ఆహార అలర్జీ రావడమే ఎక్కువ. నోటితో మాన్పించి, చర్మాన్ని మాత్రం పగిలినట్టే వదిలేస్తే అలర్జీకి దారి మనమే వేసినట్టవుతుంది.

ఇక్కడ ఒక మాట అడుగుతాను. బాబుకు స్నానం దేనితో చేయిస్తున్నారు? నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబాన్నీ అడిగే మొదటి ప్రశ్న ఇదే, సగానికి పైగా ఇళ్లలో జవాబు సున్నిపిండి. పెసలు, శనగపప్పు, కొందరిళ్లలో బాదం కూడా వేసి ఆడించిన పిండిని మీగడతోనో పాలతోనో కలిపి నలుగు పెట్టి, చర్మం ఎర్రబడేలా రుద్దుతారు. పెద్దవాళ్లు ప్రేమతో చేసే పనే అది, ఆరోగ్యంగా ఉన్న చర్మానికి పెద్దగా నష్టం లేకపోవచ్చు. కానీ రసి కారుతున్న చర్మం మీద పప్పుల ప్రోటీన్‌ను, పాల ప్రోటీన్‌ను రోజూ రుద్దడమంటే పైన చెప్పిన సబ్బు కథను ఇంట్లో నడిపించడమే. ఇది నేను తర్కంతో చెబుతున్న మాటే గాని లెక్కతో చెబుతున్నది కాదు. అయినా పెసర, శనగ పిండ్లకు చర్మం మీద దద్దుర్లు వచ్చిన పిల్లలను చూశాక ఎగ్జిమా ఉన్న పసివాడికి నలుగు పూర్తిగా ఆపించేస్తున్నాను. ఆవనూనె మర్దన, వేపాకు ముద్ద, పసుపు పట్టు కూడా వద్దు. కొబ్బరినూనె ఒక్కటి ఫరవాలేదు, అయితే అది ఆయింట్‌మెంట్‌కు బదులు కాదు.

చర్మ వైద్యం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆహారం మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు కూడా దీనిమీద పెట్టరు. గోరువెచ్చని నీటితో అయిదు పది నిమిషాల స్నానం, సువాసన లేని మృదువైన క్లెన్సర్, తువ్వాలుతో అద్ది తడి ఆరకముందే ఒళ్లంతా చిక్కటి మాయిశ్చరైజర్. రోజుకు రెండుసార్లకు తగ్గకుండా, వారానికి 100 గ్రాములైనా ఖర్చయ్యేలా రాయాలి. చిన్న డబ్బా మూడు నెలలు వచ్చిందంటే మందు పనిచేయలేదని కాదు, రాయలేదని అర్థం. ఎర్రగా ఉన్న చోట్ల వైద్యుడు రాసిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ వేయాలి. ముఖానికి సాధారణంగా 1 శాతం హైడ్రోకార్టిజోన్ వంటి తేలికపాటిది, ఒంటికి అంతకంటే కొద్దిగా బలమైనది ఇస్తారు. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి కణుపు గీత వరకు ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము వస్తుంది, అది వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. స్టెరాయిడ్ అనగానే భయపడి బియ్యపుగింజంత రాసి, రెండు రోజులకే మానేసే తల్లిదండ్రులు ఒక పక్క ఉంటే, 'తామర' అని చెప్పి మందుల షాపులో అడిగి, ఫంగస్ మందుతో పాటు అతి బలమైన స్టెరాయిడ్ కలిసిన క్రీమును నెలల తరబడి పసివాడి బుగ్గలకు రాసేవారు మరో పక్క ఉన్నారు. రెండూ ప్రమాదమే, రెండోది మరీను. దురదకు ఇచ్చే సిరప్ నిద్ర పట్టించవచ్చు గాని ఎగ్జిమాను తగ్గించదు.

రెండేళ్ల కిందట ఒక పాపను తీసుకొచ్చారు. 14 నెలల వయసు, 6.9 కిలోల బరువు, తెల్లగా పాలిపోయిన ముఖం. ఆరు నెలలుగా ఆ పాప తింటున్నది అన్నం, పొట్లకాయ, బీరకాయ. తల్లి తిండి కూడా అదే. బాలింత పత్యం అక్కడితో ఆగక అలర్జీ పత్యంగా మారింది. ఎగ్జిమా మాత్రం ఒక్క అంగుళం కూడా వెనక్కు తగ్గలేదు. రెండు వారాల పాటు చర్మానికి పైన చెప్పిన పద్ధతిలో వైద్యం చేస్తే ఆ పాప పుట్టాక మొదటిసారిగా రాత్రంతా నిద్రపోయింది. తరువాత మూడు నెలల్లో ఒక్కొక్కటిగా అన్నీ తిరిగి పెట్టాం. చివరికి నిజంగా పడనిదిగా తేలింది గుడ్డు ఒక్కటే. పదకొండు ఆహారాలు మాన్పించిన కాగితంలో నిజం ఒక్కదానిలోనే ఉంది.

మాన్పించడం వల్ల ఎదుగుదల ఆగడం ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదం ఉంది. ఐజీఈ ఉన్నా తింటూ ఉండటం వల్లనే కొందరు పిల్లల శరీరం ఆ ఆహారాన్ని ఓర్చుకుంటూ ఉంటుంది. మధ్యలో ఆపేస్తే ఆ ఓర్పు పోవచ్చు. 2016లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో ఆహారంతో ముడిపడిన ఎగ్జిమా ఉన్న 298 మంది పిల్లలను పరిశీలించారు. అంతకుముందు వెంటనే వచ్చే అలర్జీ ఎన్నడూ లేని పిల్లల్లో 19 శాతం మందికి, ఆహారాన్ని మాన్పించాక కొత్తగా అది వచ్చింది. నా దగ్గరి ఒక బాబు పెరుగన్నం రోజూ తినేవాడు. ఎగ్జిమా కోసమని పది నెలలు పాలు ఆపారు. గుడిలో ఎవరో ప్రేమగా నోట్లో పెట్టిన చెంచాడు పరమాన్నానికి పావుగంటలో ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం. సమయానికి ఆసుపత్రికి చేరడం వల్ల బయటపడ్డాడు.

అందుకే మీకు కూడా తిరిగి పెట్టే విషయంలో జాగ్రత్త చెబుతున్నాను. మీరు ఈ రోజు నుంచే అన్నీ తినవచ్చు, తల్లిపాల కోసం మీకు పత్యం అక్కరలేదు. బాబుకు వంకాయ గురించి ఆలోచించవలసిన పని లేదు. కందిపప్పు, గోధుమ, ఇదివరకు తిన్నవే కాబట్టి, రిపోర్టులోని అంకెలను ఒకసారి మీ వైద్యునికి చూపించి, చెంచా చివరితో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుతూ పెట్టవచ్చు. పాలు ఆపి మళ్లీ పెడితే ఏం జరగవచ్చో పైన చెప్పిన బాబులో చూశాం కాబట్టి, వాటి తొలి మోతాదు వైద్యుని ఎదుటే పెట్టించండి. గుడ్డు, వేరుశనగ ఎన్నడూ తినలేదు, ఎగ్జిమా తీవ్రంగా ఉంది, పరీక్ష పాజిటివ్‌గా ఉంది. ఈ మూడూ కలిసిన పిల్లవాడికి వీటి తొలి రుచి ఇంట్లో కాదు, అలర్జీ వైద్యం తెలిసిన ఆసుపత్రిలోనే చూపించాలి. అక్కడ కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ తినిపించి, రెండు గంటలు కనిపెట్టి చూస్తారు. అలర్జీని తేల్చే తిరుగులేని పరీక్ష అదే. గెలిచిన ఆహారాన్ని ఇంటికి వచ్చాక వారానికి రెండు మూడుసార్లు తప్పకుండా పెడుతూ ఉండాలి, ఒకసారి పెట్టి వదిలేస్తే ప్రయోజనం లేదు. వేరుశనగ మన ఇళ్లలో పల్లీ చట్నీగా ఎప్పుడూ ఉండేదే. కారం లేకుండా మెత్తగా రుబ్బి జావలో కలపండి. అయిదేళ్ల లోపు గింజను గింజగా ఇవ్వకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాల అలర్జీ నిజమని తేలితే మన ఇళ్లలో వెంటనే చేసే పని ఆవుపాలు మాని గేదెపాలు, అదీ కాకపోతే మేకపాలు పట్టడం. వీటి ప్రోటీన్లు ఎంత దగ్గరగా ఉంటాయంటే ఆవుపాలు పడని పిల్లల్లో అత్యధికులకు మిగతావీ పడవు. పెరుగన్నానికి దద్దుర్లు వచ్చిన ఒక బాబుకు మూడు రకాల పాలూ మార్చి మార్చి పట్టి, మూడుసార్లు అత్యవసర విభాగానికి తెచ్చిన కుటుంబం నాకు తెలుసు. నెయ్యిలో కూడా పాల ప్రోటీన్ జాడ మిగిలే ఉంటుంది.

అరుదుగా, వైద్యం సరిగ్గా జరిగినా ఎగ్జిమా లొంగని పసివాళ్లలో ఆహారం నిజంగానే దాన్ని పెంచుతూ ఉండవచ్చు. అది చాలావరకు పాలు లేదా గుడ్డు. అప్పుడు కూడా ఒక్క ఆహారాన్ని మాత్రమే, రెండు నుంచి నాలుగు వారాలు, వైద్యుని పర్యవేక్షణలో ఆపి, మళ్లీ పెట్టి చూడాలి. మళ్లీ పెట్టని పక్షంలో ఏమీ తేలదు, ఎందుకంటే ఎగ్జిమా దానంతట అదే పెరిగి తగ్గే జబ్బు.

ఇంకో ఊరట. పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో ఎక్కువమంది పెరిగేకొద్దీ వాటిని తినగలుగుతారు, కేకులో బాగా కాలిన గుడ్డును చాలామంది ముందే ఓర్చుకుంటారు. వేరుశనగ అలర్జీ మాత్రం సుమారు అయిదుగురిలో ఒకరికే పోతుంది. ఎగ్జిమాతో మొదలైన పిల్లల్లో కొందరికి తరువాత ఉబ్బసం, తుమ్ములతో కూడిన జలుబు వస్తాయి కాబట్టి దగ్గు, పిల్లికూతలు కనిపిస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పండి. ఏదైనా తిన్న వెంటనే దద్దుర్లతో పాటు ఆయాసం, ఆగని వాంతులు, మగత వస్తే సిరప్ పోసి చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. అప్పుడు కావలసిన మందు తొడ బయటి వైపు కండరానికి ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షన్, అది ఆలస్యం కాకూడదు.

చివరగా టీకా. కొన్ని తట్టు టీకాల వైరస్‌ను కోడిపిండం కణాల మీద పెంచడం వల్ల ఈ భయం పుట్టింది. వాటిలో మిగిలే గుడ్డు ప్రోటీన్ అలర్జీని రేపేంత ఉండదు, గుడ్డు అలర్జీ రుజువైన పిల్లలకు కూడా ఆ టీకాను మామూలుగానే వేస్తారు. మీ బాబుకు అది రుజువు కూడా కాలేదు. తొమ్మిదో నెలలో వేయవలసిన తట్టు, రుబెల్లా టీకాను ఈ వారమే వేయించండి. అదే రోజు బాబు బరువు, పొడవు కొలిపించి, రక్తపరీక్ష కాగితంతో పాటు ఇంట్లో వాడుతున్న క్రీములన్నింటినీ డబ్బాలతో సహా వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి.